రంగం కాగితాలు

మా నాన్న దాచుకున్న కాగితాల్లో మా ఊరు మూడు జిల్లాల్లో కనిపిస్తుంది. అయిదో తరగతి పూర్తిచేసినట్టు బడిపంతులు రాసిచ్చిన పత్రంలో అది గంజాం జిల్లా, చికాకోలు తాలూకా (శ్రీకాకుళానికి పాత పేరు చికాకోలు). 1942లో ఇంఫాల్ శిబిరంలో ఇచ్చిన చీటీ మీద విశాఖపట్నం జిల్లా. 1964లో రంగూన్‌లోని భారత రాయబార కార్యాలయం ఇచ్చిన ప్రయాణపత్రంలో శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఒకసారి, 1950లో శ్రీకాకుళం జిల్లా పుట్టినప్పుడు మరొకసారి మా ప్రాంతపు హద్దులు మారాయి. ఆ మూడు కాగితాల మధ్య కాలంలో నాన్న పదహారేళ్ళ కుర్రవాడిగా ఓడెక్కి రంగూన్ వెళ్ళారు, యుద్ధంలో అడవులూ కొండలూ దాటి నడిచి ఇంటికి చేరారు, మళ్ళీ ఓడెక్కి అదే ఊరికి వెళ్ళారు, చివరికి చేతిలో ఒక్క పెట్టెతో శాశ్వతంగా తిరిగి వచ్చారు. 1997లో కన్నుమూసేదాకా ఆ ఏళ్ళ గురించి ఆయన మాతో చెప్పింది ఒక్కటే మాట: "రంగం నుంచి నడిచొచ్చాం." మా వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ను రంగం అనే అనేవారు.

ఆ కాగితాలు అమ్మ మంచం కింద ఉన్న రేకు పెట్టెలో ఉండేవి. అమ్మ ఉన్నన్నాళ్ళూ దానికి తాళం ఉండేది. నాన్న పోయాక కూడా ఆమె దాన్ని తెరవనివ్వలేదు. 2016లో అమ్మ కూడా వెళ్ళిపోయాక, పెద్దకర్మ అయిన తరువాత, మా అక్కా నేనూ కలిసి తెరిచాం. పైన మడతలు పెట్టిన బర్మా లుంగీలు, వాటి కింద ఒక గుడ్డసంచిలో పోస్టాఫీసు సేవింగ్సు పుస్తకం, మనియార్డరు రసీదుల కట్ట, విదేశీయుడిగా నమోదు చేసుకున్న బర్మా ప్రభుత్వపు ధ్రువపత్రం, స్టూడియోలో తీయించుకున్న ఒక ఫొటో, పోస్టుకార్డులు, వాటన్నిటికంటే విలువైనది ఒక అట్టపుస్తకం. సగం లెక్కలు, సగం రోజువారీ ముక్కలు. కాగితం పసుపుబారి అంచులు పొడిపొడిగా రాలుతున్నా అక్షరం మాత్రం ఎక్కడా చెరగలేదు. నాన్న చేతిరాత గుండ్రంగా, బడిపిల్లవాడి రాతలా ఉంటుంది.

ఆ పుస్తకంలోని మొదటి పుట మేస్త్రీకి ఉన్న బాకీ లెక్క. అది చదివితే ఆ రోజుల్లో మా ప్రాంతం నుంచి మనుషులు ఎలా వెళ్ళారో తెలుస్తుంది. రంగూన్‌లో పని ఇప్పించే మేస్త్రీ, లేదా అతని మనిషి, ఊళ్ళోకి వచ్చి ఇంటివాళ్ళకు కొంత బయానా ఇచ్చి, ఓడ ఖర్చు తానే పెట్టి కుర్రవాళ్ళను తీసుకుపోయేవాడు. అక్కడ చేసే పనిలోంచి ఆ డబ్బు వడ్డీతో సహా తీరేదాకా అతని కిందనే ఉండాలి. బ్రిటిష్ ఇండియా స్టీం నావిగేషన్ కంపెనీ ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ రేవుల్లో ఆగి జనాన్ని ఎక్కించుకునేవి. కళింగపట్నం పేరుకే రేవు. వంశధార సముద్రంలో కలిసేచోట లోతు చాలదు కాబట్టి ఓడ దూరంగా నీళ్ళలోనే లంగరు వేసుకుని నిలబడితే, జనం అలలమీద ఎగిరిపడే పడవల్లో దాని దగ్గరికి వెళ్ళి తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఎక్కేవారు. పై డెక్కు మీద చాప పరుచుకున్నంత మేరే ఒక్కొక్కరి చోటు. నాన్న పుస్తకంలో ఈ ప్రయాణం గురించి ఒక్క వాక్యం ఉంది: "మూడు రాత్రులు నిద్ర లేదు, నాలుగో పొద్దుటికి నీళ్ళ రంగు మారింది." ఐరావతి డెల్టా నీళ్ళు సముద్రంలోకి చొచ్చుకువచ్చే చోట నీలం పోయి బురదరంగు వస్తుంది. 2019లో విమానం కిటికీలోంచి చూసినప్పుడు ఆ రంగు మార్పు నాకూ స్పష్టంగా కనిపించింది.

ఆయన వెళ్ళింది 1936లో. తెలిసి వెళ్ళారనేది నాకు ముఖ్యం. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకుని, తరువాత సమ్మె పరిష్కారం కాగానే ఆ కొత్తవారిని పొమ్మన్నాయి. మే 26న అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చనిపోయారు, చనిపోయినవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. మా నాన్న పెదనాన్న ఆ రోజుల్లో రేవు పనిలోనే ఉండి, తలమీద గాయపు మచ్చతో ఊరికి వచ్చినవాడు. అది చూస్తూ పెరిగిన పిల్లవాడు, ఆరేళ్ళ తరువాత అదే ఓడ ఎక్కాడు. ఇంట్లో భూమి లేదు, కౌలుకు చేసిన చెక్కలో పండినది షావుకారు బాకీకి చాలేది కాదు. రంగం వెళ్ళినవాడు పంపే మనియార్డరు ఒక్కటే ఇంటికి కనిపించే నగదు.

అప్పటి రంగూన్ జనాభా నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. రేవుల్లో మూటలు మోసేవారు, సంపాన్ పడవలు నడిపేవారు, రిక్షాలు లాగేవారు, ధాన్యపు మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో చేసేవారు, వీధులు ఊడ్చేవారు చాలావరకు తెలుగువాళ్ళు. ఒక్కొక్క గదిలో చెక్కబల్లల మీద వంతులవారీగా పడుకునే బస. నాన్నకు అయిదో తరగతి చదువు ఉండడం వల్ల రేవు పనితో పాటు మరొక పని దొరికింది. బసలో అందరికీ ఉత్తరాలు రాసిపెట్టడం. పుస్తకంలో ఒక వరుస పొడవునా ఊరి పేరు, మనిషి పేరు, తేదీ, పక్కన "కార్డు" అనో "మనియార్డరు" అనో గుర్తు. గార, పోలాకి, నరసన్నపేట, టెక్కలి, సోంపేట, భీమునిపట్నం. ఇతరుల కష్టసుఖాలన్నీ ఆయన చేతి మీదుగా సముద్రం దాటి వెళ్ళాయి. ఆయన చివరిదాకా ఎవరి ఇంటి సంగతీ మరొకరి దగ్గర ఎత్తకపోవడానికి ఇది కారణమని మా అక్క అంటుంది. నాకూ అదే నిజమనిపిస్తుంది.

ఆ పుస్తకం నకలు చేతిలో పట్టుకుని 2019 ఫిబ్రవరిలో నేను కలకత్తా మీదుగా యాంగాన్ వెళ్ళాను. ఊరి పేరు మారింది, వీధుల పేర్లూ మారాయి. నాన్న రాసిన డల్‌హౌసీ వీధి ఇప్పుడు మహాబందూల రోడ్డు, ఫ్రేజర్ వీధి ఇప్పుడు అనోరథా రోడ్డు. అయినా సూలే పగోడా చుట్టూ గళ్ళుగళ్ళుగా గీసిన ఊరి నడిబొడ్డు అలాగే ఉంది. నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డు వెంట నడిచి, పన్సొడాన్ రేవు దగ్గర నిలబడితే, అవతలి ఒడ్డు దలాకు వెళ్ళే లాంచీల్లోంచి జనం దిగుతున్నారు. చెక్కపలక మీద మూట భుజాన పెట్టుకుని పరుగున వచ్చే కుర్రవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వారి అడుగు వేసే తీరు నేను చూస్తూ ఉండిపోయాను. పలక కిందికి ఊగినప్పుడు ఆగి, పైకి లేచినప్పుడు అడుగు వేయాలి, లేకపోతే బరువుతో సహా నీళ్ళలో పడతారు. నాన్న ముసలితనంలో కూడా మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా అరక్షణం ఆగి దిగేవారు.

అక్కడ ఒక గుడి వాకిట్లో పూలు అమ్ముకునే పెద్దావిడ ఒకామె నా మాట విని తెలుగులో పలకరించింది. లుంగీ కట్టుకుని, బుగ్గలకు బర్మావాళ్ళ తనకా చెక్క గంధం పూసుకుని, నోటినిండా మా శ్రీకాకుళం యాస. "ఏ రేవు బాబూ మీది? కళింగపట్నమా, బారువా?" అని అడిగింది. ఆమె తాతల కాలంలోనే వచ్చేశారు, ఆమె ఎన్నడూ ఇండియా చూడలేదు, అయినా మనిషిని అతను ఎక్కిన రేవును బట్టి గుర్తుపట్టే అలవాటు ఆమె దాకా వచ్చింది. కళింగపట్నంలో ఇప్పుడు ఓడలు ఆగవని చెబితే ఆమె కాసేపు నమ్మలేదు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. పగటిపూట, జనం వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూస్తుండగా పడిన ఆ బాంబులకు వేలమంది చనిపోయారు. మళ్ళీ క్రిస్మస్ రోజున వచ్చాయి. రేవు దగ్గర ఉండేది కూలీలే కనుక దెబ్బ ఎక్కువగా తగిలింది వాళ్ళకే. నాన్న పుస్తకంలో ఆ రెండు రోజుల కింద ఎనిమిది పేర్లు ఉన్నాయి, పక్కన ఊర్లు ఉన్నాయి, మరేమీ లేదు. ఊరు ఖాళీ అయింది. డబ్బున్నవారికి ఓడలూ విమానాలూ దొరికాయి. మిగిలినవారు నడకదారి పట్టారు. కొందరు ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కు; కొందరు ఉత్తరాన మండలే మీదుగా చింద్విన్ నది దాటి మణిపూర్‌కు; చిట్టచివర మిగిలినవారు హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లీడోకు. మొత్తం నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా విడిచి బయలుదేరారని చరిత్రకారులు రాశారు. దారిలో చనిపోయినవారి సంఖ్య పదివేలని చెప్పేవారి నుంచి యాభైవేలకు పైమాటే అనేవారి దాకా ఉన్నారు, ఎందుకంటే వాళ్ళను లెక్కపెట్టినవారు ఎవరూ లేరు.

నాన్న వెంటనే బయలుదేరలేదు. రంగూన్ విడిచిపొమ్మని ప్రభుత్వం 1942 ఫిబ్రవరి 20న ఆదేశించాక, ఊరు జపాన్ వారి చేతికి చిక్కేందుకు రెండు వారాల ముందు, బసలో ఉన్న మరి నలుగురితో కలిసి రైలు ఎక్కారు. ఆ నలుగురిలో పెద్దవాడు మా పొరుగూరి మనిషి, నాన్న ఆయన్ను అన్న అని పిలిచేవారు. కళాసీల జట్టుకు పెద్ద, చదువు రాదు, కాని నదుల మీద మంచి అవగాహన ఉన్నవాడని పుస్తకంలోని మాటలను బట్టి తెలుస్తుంది. రైలు వాళ్ళను మండలే దాకా చేర్చింది. అక్కడి నుంచి సగాయింగ్ దగ్గర ఐరావతి మీది ఆవా వంతెన దాటి మొనీవాకు వెళ్ళారు. ఆ వంతెనను ఏప్రిల్ 30న వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సైన్యమే పేల్చివేసింది. తరువాత బాగుచేసిన అదే వంతెన మీదుగా 2019లో నేను మొనీవాకు వెళ్ళాను. మొనీవా నుంచి కలేవా దాకా చింద్విన్ మీద పడవ. నాన్నావాళ్ళకు అప్పట్లో చోటు కోసం రోజుల తరబడి ఒడ్డున కాచుకోవలసి వచ్చింది, పుస్తకంలో ఆ రోజుల్లో ఒక కుంచెడు బియ్యం ధర ఎంత పెరిగిందో రోజురోజుకూ రాసుకున్నారు. చివరి అంకె మొదటి అంకెకు ఆరు రెట్లు.

కలేవా నుంచి తాము అనే సరిహద్దు ఊరి దాకా దాదాపు 150 కిలోమీటర్లు. ఆ దారి చాలావరకు కబా లోయలో సాగుతుంది. తరువాత అక్కడ పోరాడిన సైనికులు దానికి మృత్యులోయ అని పేరు పెట్టారు. మలేరియా, కలరా అక్కడ తూటాల కంటే ఎక్కువమందిని తిన్నాయి. ఇప్పుడు ఆ దారిని భారత ప్రభుత్వం వేసింది, 2001లో ప్రారంభమైంది. అయినా దారి పొడవునా ఉన్న 69 వంతెనల్లో చాలా వాటిని నేను వెళ్ళేనాటికి ఇంకా కొత్తగా కట్టవలసి ఉండేది, కొన్ని యుద్ధకాలం నాటి ఇనుప వంతెనలే. అద్దె కారులో పోతుంటే చెక్క పలకలు దడదడలాడేవి. నాన్న నడిచిన ఆ దారిని నేను ఒక్క పగటిపూట దాటాను. కిటికీలోంచి టేకు చెట్లూ, కోత అయిపోయిన వరిచేలూ, చిన్న చిన్న బౌద్ధ స్తూపాలూ. ఎండు ఆకుల మీద మంట పెట్టిన వాసన. ఆ దారిలో రాసినది పుస్తకంలో నాలుగు పుటలే, అవి కూడా పెన్సిలుతో. "పగలు ఎండకు నడవలేము. రాత్రి గుంపుగా పోతున్నాము." "వాగులో నీళ్ళు తాగవద్దని చెప్పినా ఆగలేదు." "అన్నకు వాంతులు, విరేచనాలు." తరువాతి పుట ఖాళీ. ఆ తరువాత తాము ఊరి పేరు.

ఆ ఖాళీ పుటలో ఏమి జరిగిందో పెట్టెలోని మరో రెండు కాగితాలు చెప్పాయి.

మొదటిది ఒక పోస్టుకార్డు. 1943 జనవరి ముద్ర. ఆ అన్న భార్య ఎవరిచేతనో రాయించినది. "మహారాజశ్రీ మరిదిగారికి నమస్కారములు. ఇక్కడ మేము క్షేమము, అక్కడ మీ క్షేమము తెలియజేయగలరు, ఉభయ కుశలోపరి" అని మామూలుగానే మొదలై, తరువాత ఒకే ఒక ప్రశ్న అడిగింది: మీరు వచ్చి చెప్పి వెళ్ళారు, కాని మా వాళ్ళలో కొందరు ఆయన ఎక్కడో బతికే ఉంటాడంటున్నారు, నేను బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియడం లేదు, మీరు కళ్ళారా చూశారా లేదా ఒట్టు పెట్టి రాయండి. ఆ దారిలో పోయినవారెవరికీ మరణపత్రం లేదు, శవం లేదు, చూసిన సాక్షి కూడా చాలామందికి లేడు. ఉత్తరాంధ్ర ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు ఈ ప్రశ్నతోనే ముసలివాళ్ళయి ఉంటారో అని ఆ కార్డు చదివిన రాత్రి అక్కా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం.

రెండవది నాన్న రాసిన జవాబు చిత్తుప్రతి. ఉత్తరాలు రాయడం వృత్తిగా చేసిన మనిషి ఈ ఒక్క ఉత్తరానికి చిత్తు రాసుకున్నారు. "వదినగారికి నమస్కారములు. నేను కళ్ళారా చూసినాను. నా చేతులతోనే చేసినాను." ఆ తరువాత ఒక వాక్యం రాసి, అడ్డంగా మూడు గీతలు గీసి కొట్టివేశారు. గీతల కింద అక్షరాలు ఇంకా చదవవచ్చు: "ఏమీ బాధ పడలేదు." కొట్టివేసిన దాని పైన, ఇరుకైన చోట్లో, కొత్త వాక్యం: "నీళ్ళు అడిగినాడు, ఇచ్చినాను." ఆ కింద, చైత్ర పున్నమి వెళ్ళిన మూడో నాడు పొద్దువాలేవేళ ప్రాణం పోయిందనీ, కట్టెలు ఉన్నా నిప్పు వెలుతురుకు విమానాలు వస్తాయని భయపడి దహనం చేయలేదనీ, ఖంపట్ అనే ఊరు దాటాక వాగు ఒడ్డున తల దక్షిణానికి పెట్టి పాతిపెట్టి, నక్కలు తవ్వకుండా రాళ్ళు పేర్చామనీ రాశారు. ఓదార్చే అబద్ధం చేతికి వచ్చి కూడా దాన్ని కొట్టివేసి, జరిగినదాన్ని మాత్రమే రాయడానికి ఎంత నిబ్బరం కావాలో నాకు ఆ మూడు గీతలు చూస్తే తెలుస్తుంది. ఆయన గురించి నాకున్న కాగితాలన్నిటిలోనూ నేను ఎక్కువగా ప్రేమించేది దాన్నే.

ఖంపట్ దాటాక కారు ఆపించాను. వాగు ఉంది, ఇంకా కొంచెం ముందుకు పోతే మరొకటి ఉంది. ఏది అని తేల్చే ఆధారం ఏమీ లేదు, రెండింటి ఒడ్డునా రాళ్ళే. మా అమ్మ చేతి చెంబుతో తీసుకువెళ్ళిన వంశధార నీళ్ళు రెండు వాగుల్లోనూ పోశాను. డ్రైవరు కుర్రవాడు ఏమీ అడగకుండా చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాడు.

తాము దగ్గర సరిహద్దు దాటితే మోరే. 2018 ఆగస్టు నుంచి పాస్‌పోర్టు, వీసా ఉన్నవారిని ఆ గేటు గుండా అప్పట్లో పోనిచ్చేవారు కాబట్టి నాకు వీలయింది. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ దారి అంతా మళ్ళీ యుద్ధభూమి అయింది. మోరేలో నన్ను ఆశ్చర్యపరిచింది అక్కడి తమిళులు. 1964లో బర్మా నుంచి పంపివేయబడ్డ కుటుంబాల్లో కొన్ని, మద్రాసు శిబిరాల్లో ఇమడలేక, నడిచి బర్మాకే తిరిగిపోదామని ఇంతదూరం వచ్చి, సరిహద్దులో ఆపివేస్తే ఇక్కడే గుడి కట్టుకుని, దుకాణాలు పెట్టుకుని నిలబడిపోయాయి.

మోరే నుంచి తెంగ్నౌపాల్ కొండ ఎక్కి పాలెల్ దిగితే ఇంఫాల్ మైదానం వస్తుంది. 1942లో ఈ కొండదారుల్లోనే, తెల్లవారికి ఒక దారి, నల్లవారికి మరొక దారి అన్న ఫిర్యాదు పుట్టి దేశమంతా వినిపించింది. నాన్న పుస్తకంలో దాని మీద వ్యాఖ్య లేదు, "మమ్మల్ని పక్కదారికి పొమ్మన్నారు" అని మాత్రం ఉంది. అస్సాం టీ తోటల సంఘం వారు నడిపిన శిబిరాల్లో గంజి పోశారనీ, ఒక డాక్టరు కాలి పుండ్లకు కట్టు కట్టాడనీ, ఆయన తన పేరు చెప్పలేదనీ రాశారు. ఇంఫాల్ నుంచి దిమాపూర్‌కు లారీ, అక్కడి నుంచి కలకత్తాకు రైలు, హౌరాలో ఎక్కితే చికాకోలు రోడ్డు స్టేషను.

ఇంఫాల్‌లో యుద్ధ శ్మశానాలు రెండు చూశాను. గడ్డి కత్తిరించి, పూలు పెంచి, ఒక్కొక్క సైనికుడి పేరూ వయసూ కంచుపలక మీద చెక్కి ఉంచారు. యాంగాన్ దగ్గర తౌచాన్‌లోని స్మారకం మీదైతే సమాధి కూడా దొరకని దాదాపు 27 వేలమంది సైనికుల పేర్లున్నాయి, వారిలో తెలుగువారి పేర్లు వెతికి చదివాను. అలా చేయడమే న్యాయం. కాని అదే దారిలో, అదే ఏడు, మూట నెత్తిన పెట్టుకుని నడిచి పోయిన కూలీలకు, వారి వెంట నడిచిన ఆడవాళ్ళకు, పిల్లలకు ఎక్కడా ఒక్క పలక కూడా లేదు. వారి పేర్లు ఇంకా ఎక్కడైనా ఉంటే, ఇలాంటి రేకు పెట్టెల్లోనే ఉన్నాయి. విశాఖలోని బర్మా క్యాంపు ఇళ్ళలోనూ, బారువ, కళింగపట్నం చుట్టుపక్కల ఊళ్ళలోనూ అలాంటి పెట్టెలు ఉండి ఉంటాయి. వాటిని చెదలకు వదిలేయవద్దని, తెరిచి ఒక్కొక్క కాగితాన్ని ఫొటో తీసి ఉంచమని అటువైపు వారందరినీ బతిమాలుకుంటున్నాను.

నాన్న ఇంటికి చేరింది ఏప్రిల్ నెలాఖరుకు. అప్పటికి మూడు వారాల కిందట, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. తీరం వెంట ఊళ్ళు సగం ఖాళీ. మా నాయనమ్మ కూడా ఇంటికి తాళం పెట్టి లోపలి పల్లెలో చుట్టాల ఇంటికి వెళ్ళిపోయింది, నాన్న వచ్చి తాళం చూసి అరుగుమీద పడుకుంటే పొరుగువారు గుర్తుపట్టలేదని మా మేనత్త చెప్పేది.

మా కుటుంబంలో సాహసమంటే ఆ నడకే. పెళ్ళిళ్ళలో, పండగల్లో నాన్న పేరు వస్తే అందరూ దాన్నే చెప్పుకుంటారు. పుస్తకం చదివి, ఆ దారి చూసివచ్చాక, నా మనసులో దానికి రెండో స్థానం ఇచ్చాను. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా నడుస్తారు, లక్షలమంది నడిచారు. నాన్న తెగువ 1946లో ఉంది. యుద్ధం ముగియగానే, ఖంపట్ వాగు గట్టున తన చేతులతో రాళ్ళు పేర్చి నాలుగేళ్ళు తిరగకుండా, అదే సముద్రం మీద అదే ఊరికి ఆయన మళ్ళీ ఓడెక్కారు. ఈసారి మేస్త్రీ లేడు, బయానా లేదు, తన టిక్కెట్టు తనే కొనుక్కున్నారు. కారణం పోస్టాఫీసు పుస్తకంలో ఉంది. అందులో ఆయన ఆరేళ్ళ కష్టార్జితంతో పాటు, బసలో మరో ముగ్గురు ఆయన పేరు మీద దాచుకున్న డబ్బు ఉంది, ఎవరిది ఎంతో చివరి పుటలో విడివిడిగా రాసి ఉంది. ఆ ముగ్గురిలో ఒకరు ఆ అన్న. 1948, 1949 సంవత్సరాల మనియార్డరు రసీదుల్లో ఆ పొరుగూరు పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. రసీదుల మొత్తం కూడి చూశాను. పుస్తకంలో రాసుకున్న దానికంటే ఎక్కువే ఉంది.

అలా వెళ్ళినవారు పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉన్నారు. ధాన్యపు మిల్లులో గుమాస్తా అయ్యారు, మధ్యలో వచ్చి అమ్మను పెళ్ళి చేసుకున్నారు, రెండు మూడేళ్ళకు ఒకసారి వచ్చి వెళ్ళేవారు. స్వతంత్ర బర్మాలో ఆయన విదేశీయుడు. ఏటా రుసుము కట్టి ధ్రువపత్రం పొడిగించుకోవాలి. దాని మీది ముద్రలు వరుసగా చూస్తే ఒక మనిషి అక్కడ ఉండడానికి ఏడాదికొకసారి అనుమతి అడుగుతున్నట్టే ఉంటుంది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964 మార్చిలో దుకాణాలను జాతీయం చేసింది, మే 17న యాభై, నూరు చాట్ల నోట్లను రద్దు చేసింది. దాచుకున్న నోట్లు కాగితాలైపోయాయి. ఆ ఏడాదే నాన్న మద్రాసులో ఓడ దిగి, రైల్లో శ్రీకాకుళం రోడ్డు చేరి, రేకు పెట్టె భుజాన పెట్టుకుని ఇంటికి వచ్చారు. నాకు తొమ్మిదేళ్ళు. పరాయివాడనుకుని అమ్మ వెనక దాక్కున్నానట.

బర్మా నుంచి వచ్చాక పొరుగూరికి వెళ్ళాను. ఆ కుటుంబం అక్కడే ఉంది, ఆ అన్న మనవడు ఊళ్ళోనే ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. పోస్టుకార్డు నకలూ, జవాబు చిత్తు నకలూ అతని చేతిలో పెట్టాను. నాయనమ్మ బతికున్నన్నాళ్ళు చైత్రంలో ఒక రోజు పొయ్యి వెలిగించేది కాదని, ఆ రోజు ఏమిటో అడిగితే చెప్పేది కాదని, ఆమె పోయాక సంక్రాంతికి పెద్దలందరికీ బట్టలు పెట్టేటప్పుడే తాతకు కూడా కలిపి పెడుతున్నామని అతను చెప్పాడు. పున్నమి వెళ్ళిన మూడో నాడు అంటే బహుళ తదియ అని ఇద్దరం పంచాంగం చూసుకున్నాం. ఆ ఏప్రిల్‌లో ఆ తిథినాడు వాళ్ళు ఆయనకు విడిగా బట్టలు పెట్టి భోజనాలు పెట్టారు. అక్కనూ నన్నూ పిలిచి, మా నాన్న పేరు మీద కూడా ఒక పంచె పెట్టారు.

పుస్తకంలో డిసెంబరు బాంబుల కింద రాసిన ఎనిమిది పేర్లలో మూడింటికి ఇప్పటిదాకా వారి ఇళ్ళు దొరికాయి. మిగిలినవారు గార, పోలాకి వైపు ఊళ్ళవారు. ఈ వేసవిలో అటు వెళ్తున్నాను.